న్యూకాసిల్‌లో ఒక పగలు

సిడ్నీ వెళ్ళినవాళ్ళు ఓపెరా హౌస్ చూసి, వంతెన దగ్గర ఫొటోలు దిగి తిరిగి వస్తారు. 2019లో మేమూ అంతే అనుకున్నాం. "అక్కా, ఒక్క రోజు నాకివ్వు, న్యూకాసిల్ చూపిస్తాను" అని అక్కడ ఉండే మా చెల్లెలు పట్టుబట్టింది. పొద్దున్నే సెంట్రల్ స్టేషన్‌లో రైలెక్కితే దాదాపు మూడు గంటల ప్రయాణం. దారిలో హాక్స్‌బరీ నది దాటుతున్నప్పుడు కిటికీ వదలబుద్ధి కాలేదు.

రైలు దిగి, ట్రాములో సముద్రం ఒడ్డుకు చేరాం. దూరాన ఓడలు బారుగా నిలిచి ఉన్నాయి. బొగ్గు ఎగుమతిలో ప్రపంచంలోనే అతిపెద్ద రేవు ఇది. నేను విశాఖలో పుట్టి పెరిగినదాన్ని. వంతు కోసం రేవు బయట కాచుకుని ఉండే ఓడలను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. పరాయి దేశమన్న బెరుకు అక్కడితో పోయింది.

ఆ ఊళ్ళో నన్ను కట్టిపడేసింది బోగీ హోల్. కింగ్ ఎడ్వర్డ్ పార్కు అంచున మెట్లు దిగితే, కొండ అడుగున రాతిలో తొలిచిన ఈతగుండం. అప్పట్లో ఇది ఖైదీలను ఉంచిన ఊరు. 1819లో ఇక్కడి అధికారి మేజర్ జేమ్స్ మోరిసెట్ తన స్నానం కోసం వాళ్ళ చేత దీన్ని తొలిపించాడు. 'బోగీ' అంటే దరుగ్ ఆదివాసుల మాటలో స్నానమే. పెద్ద అల వచ్చినప్పుడల్లా నీళ్ళు అంచు దాటి నురగలతో లోపలికి దూకుతున్నాయి. రాతిని అరచేత్తో తడిమి చూశాను. ఎంతవరకు ఉలి చెక్కిందో, ఎక్కడి నుంచి ఉప్పునీరు కొరికిందో తెలియడం లేదు. ఒక మనిషి స్నానానికి ఎన్ని చేతులు బొబ్బలెక్కాయో అనిపించి మనసు కలుక్కుమంది. అయినా నీళ్ళలోకి దిగకుండా ఉండలేకపోయాను. మోకాలి లోతులోనే ఒళ్ళు జివ్వుమంది.

మధ్యాహ్నం నాబీస్ దీపస్తంభం వైపు నడిచాం. ఒకప్పుడది దీవి, ఖైదీలు కట్టిన రాళ్ళకట్టే దాన్ని ఒడ్డుతో కలిపింది. ఆ పక్క గుట్ట మీదే స్క్రాచ్‌లీ కోట. 1942 జూన్ 8న అర్ధరాత్రి దాటాక జపాన్ జలాంతర్గామి ఒకటి ఈ ఊరి మీద 34 గుండ్లు పేల్చింది. కోటలోని ఫిరంగులు ఎదురు కాల్పులు జరిపాయి.

అది విని నేను ఫిరంగి పక్కనే నిలబడిపోయాను. అంతకు రెండు నెలల ముందు, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు మా విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా ఖాళీ అయిందని అమ్మమ్మ చెప్పేది. వెంటనే అమ్మకు ఫోను చేశాను.

"అప్పుడు అమ్మమ్మ వాళ్ళు ఎక్కడికి వెళ్ళారమ్మా?"

"చీపురుపల్లికి, ఎడ్లబండి మీద. పొయ్యి మీద అన్నం కూడా దించలేదట. ఇప్పుడెందుకే ఆ సంగతి?"

ఫోను సముద్రం వైపు తిప్పి, ఓడలు చూపించాను.