ఇంగ్లాండ్ చర్చిలో నాకు ఓటు వచ్చిన విధం

2025 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక సంఘ గురువైన వికార్ గారు ఒక ప్రకటన చదివారు. సంఘ సభ్యుల జాబితాను కొత్తగా రాస్తున్నారు, పాతవారు కూడా మళ్లీ దరఖాస్తు ఇవ్వాలి. చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్‌లో ఆరేళ్లకు ఒకసారి ఇలా చేస్తారు. నేను ఉద్యోగానికి ఈ ఊరు వచ్చి అప్పటికి రెండేళ్లు. ప్రతి వారం చర్చికి వెళ్తున్నాను, ప్రభు భోజన సంస్కారం తీసుకుంటున్నాను, కానీ ఆ జాబితాలో నా పేరు లేదు. పేరు లేనివారికి వార్షిక సభలో సంఘ కమిటీని ఎన్నుకునే ఓటు ఉండదని ఆ రోజే తెలిసింది.

దరఖాస్తు చిన్నదే. బాప్తిస్మం పొంది ఉండాలి, పదహారేళ్లు నిండాలి. ఆ కింద మూడు గడులు, ఒకదానిలో టిక్కు పెట్టాలి. మొదటిది చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్‌లోగాని, దానితో సహవాసంలో ఉన్న (ఒకరి సంస్కారాలను మరొకరు గుర్తించే) చర్చిలోగాని సభ్యులై, ఆ చర్చి పరిధి అయిన పారిష్‌లోనే నివసించేవారికి. రెండోది అలాంటి సభ్యులే అయినా బయట ఉంటూ ఆరు నెలలుగా అక్కడ ఆరాధనకు వస్తున్నవారికి. మూడోది త్రిత్వాన్ని నమ్మే వేరే చర్చివారికి. నేను మొదటి గడిలో టిక్కు పెట్టాను.

జాబితా చూసే పెద్దావిడ కాగితం చదివి, "మీది ఇండియాలో వేరే చర్చి కదమ్మా, మూడోది పెట్టండి" అన్నారు. ఎంతో ఆప్యాయంగానే అన్నారు. మూడో గడి పెట్టినా ఓటు వస్తుంది, నాకూ తెలుసు. అయినా చెయ్యి రాలేదు. మాది నంద్యాల. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు (చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్ సంప్రదాయం వారు), మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాల వారు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా (సి.ఎస్.ఐ.) ఏర్పడ్డారు. నంద్యాల ప్రాంతంలో చాలా సంఘాలు ఆ రోజు అందులో చేరలేదు. 1975 వరకు ఆంగ్లికన్లుగానే ఉండిపోయాయి. మా అమ్మమ్మ బాప్తిస్మం, నిర్ధారణ (విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకునే సంస్కారం), పెళ్లి అన్నీ ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం ప్రకారమే జరిగాయి. ఈ రోజు సి.ఎస్.ఐ. కూడా ప్రపంచ ఆంగ్లికన్ సంఘాల కూటమి అయిన ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో సభ్య సంఘమే. "వేరే" అన్న గడిలో టిక్కు పెడితే అమ్మమ్మను గుమ్మం బయట నిలబెట్టినట్టు అనిపించింది.

ఇదంతా ఆవిడకు నెమ్మదిగా చెప్పాను. ఆవిడ ఇంటికి వెళ్లి, సహవాసంలో ఉన్న చర్చిల పట్టిక వెతికి, మరుసటి ఆదివారం నా చేయి పట్టుకుని, "మీరే సరి, క్షమించండి" అన్నారు. మొదటి గడి అలాగే ఉండిపోయింది.

ఏప్రిల్‌లో జాబితాను తలుపు పక్కన బోర్డుకు గుచ్చారు. తప్పులుంటే చెప్పడానికి రెండు వారాలు అలా ఉంచాలన్నది నియమం. పువ్వులు పెట్టేవారి వంతుల కాగితం పక్కన, నూట పది పేర్ల మధ్య నా పేరు ఉంది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు. పెద్దావిడ అక్కడే నిలబడి పెన్నుతో దిద్దారు. ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేస్తే మొదట అడిగింది, "చందా ఎంత కట్టావమ్మా?" అని. ఇక్కడ పేరు ఎక్కడానికి చందా లేదంటే చాలాసేపు నమ్మలేదు.

ఒక్క ఓటు కోసం ఇంత పట్టుదల ఎందుకని స్నేహితురాలు అడిగింది. నా జవాబు ఇది. 2012 నవంబరులో స్త్రీలను బిషప్పులుగా చేసే తీర్మానం ఇక్కడి చర్చి చట్టాలు చేసే జనరల్ సినడ్‌లో వీగిపోయింది. అందులో బిషప్పుల సభ, చర్చి గురువుల సభ ఒప్పుకున్నాయి. సాధారణ విశ్వాసుల సభలోనే మూడింట రెండు వంతులకు ఆరు ఓట్లు తగ్గాయి. ఆ సభ్యులను ఎన్నుకునేది డీనరీ సినడ్ (చుట్టుపక్కల పారిష్‌ల ఉమ్మడి సభ) సభ్యులు, వారిని ఎన్నుకునేది ఇలాంటి వార్షిక సభలే. మరుసటి సంవత్సరమే మా నంద్యాలలో పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. ఇంగ్లాండ్‌లో మొదటి స్త్రీ బిషప్ అభిషేకం 2015 జనవరిలో గాని జరగలేదు. 2025 అక్టోబరులో సారా ములాలీ గారిని చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్‌లో అత్యున్నత బిషప్ అయిన కాంటర్బరీ ఆర్చిబిషప్‌గా ప్రకటించినప్పుడు, ఆవిడ ఒకప్పుడు నర్సని తెలిసి, మా వార్డులో నర్సులందరం టీ తాగుతూ ఆ మాటే మాట్లాడుకున్నాం.

మే నెల సభలో చేతులెత్తి కమిటీని ఎన్నుకున్నాం. పోటీ చేయాలంటే జాబితాలో ఆరు నెలలు పేరుండాలి కాబట్టి ఈసారి నేను చెయ్యి మాత్రమే ఎత్తాను. 2026 వసంతంలో డీనరీ సినడ్‌కు ఎన్నికలున్నాయి, ఆ తర్వాత జనరల్ సినడ్‌కు. నామినేషన్ కాగితం మీద నన్ను ప్రతిపాదించడానికి పెద్దావిడ ఇప్పటికే ఒప్పుకున్నారు.