మా హ్యూమన్ జీన్ క్లోన్లను అందరికీ ఇవ్వడానికి పడ్డ పాట్లు: నా అనుభవం

నిన్న రాత్రి మెయిల్ వచ్చింది. మా ల్యాబ్‌లో చేసిన హ్యూమన్ కైనేజ్ (ఒక రకం ఎంజైమ్) జీన్ క్లోన్లు, అంటే బ్యాక్టీరియాలో పెంచుకునే జీన్ కాపీలు, ఆడ్‌జీన్ కేటలాగ్‌లోకి ఎక్కాయి. ల్యాబ్‌లు ఇచ్చిన ఇలాంటి క్లోన్లను దాచి, అడిగిన పరిశోధకులకు పంపే సంస్థ అది. ఇక ఏ యూనివర్సిటీ వాళ్లయినా ఆర్డర్ పెట్టుకోవచ్చు. ఈ పని తలపెట్టే స్కాలర్లు ఎవరైనా ఉంటే పనికొస్తుందని, అన్నీ గుర్తుండగానే రాస్తున్నాను.

అసలు ఎందుకు ఇవ్వాలనుకున్నామో ముందు చెప్పాలి. మా పనికి మూలమైన క్లోన్లు మేం చేసినవి కావు. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 1999లో మమేలియన్ జీన్ కలెక్షన్ (క్షీరదాల జీన్ క్లోన్ల సేకరణ) మొదలుపెట్టింది. ఆ తర్వాత చాలా దేశాల ల్యాబ్‌లు కలిసి ఓఆర్‌ఎఫోమ్ కొలాబరేషన్‌గా ఏర్పడి 17 వేలకు పైగా మానవ జీన్ల క్లోన్లు సిద్ధం చేశాయి. జీన్‌లో ప్రొటీన్‌కు కోడ్ చేసే భాగం గేట్‌వే అనే రకం వెక్టర్‌లో (జీన్‌ను మోసే డీఎన్‌ఏలో) రెడీగా ఉంటుంది. ఒక్క రియాక్షన్‌తో మనకు కావలసిన వెక్టర్‌లోకి మార్చుకోవచ్చు. మేం వాటిలో కొన్ని తెప్పించుకుని, క్యాన్సర్ రోగుల్లో కనిపించినట్టు పేపర్లలో వచ్చిన మ్యుటేషన్లను (జీన్‌లో మార్పులను) ప్రైమర్లతో, అంటే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో, వాటిలో పెట్టాం. వాళ్లు దాచుకుని ఉంటే మా పేపరే లేదు. అలాంటప్పుడు మావి మైనస్ 80 ఫ్రీజర్‌లో పెట్టి తాళం వేసుకోవడం ఏం న్యాయం?

పేపర్ వచ్చాక క్లోన్లు అడుగుతూ మెయిల్స్ వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కరికీ విడిగా పంపడం మా వల్ల అయ్యే పని కాదు. 2004లో మొదలైన ఆడ్‌జీన్ లాభాపేక్ష లేని సంస్థ, డిపాజిట్ చేసేవాళ్ల దగ్గర పైసా తీసుకోదు. మా సార్ వెంటనే సరే అన్నారు. ప్లాస్మిడ్ (జీన్ ఉన్న గుండ్రటి డీఎన్‌ఏ) మ్యాపులు, సీక్వెన్సులు అప్‌లోడ్ చేయడం సులువుగానే అయిపోయింది.

అసలు కథ డిపాజిట్ ఒప్పందం మీద ఇన్‌స్టిట్యూట్ సంతకం దగ్గర మొదలైంది.

ఫైలు ఆఫీసుకు వెళ్లింది. కొన్నాళ్లకు పచ్చ సిరాతో నోట్ వచ్చింది: ‘మానవ జన్యువులు గనుక ఎథిక్స్ క్లియరెన్స్, రోగుల సమ్మతి పత్రాలు జతపరచండి.’ మా దగ్గర రోగి ఎవరూ లేరు, రక్తం లేదు, కణజాలం లేదు. ఆ మాటే రాసి తిప్పి పంపాను. ఫైలు కదల్లేదు. స్వయంగా వెళ్తే ఆ అధికారి గది నిండా జనం. అందరి ముందూ అడిగారు.

“ఏమ్మా, ఈ జీన్ ఎవరిది?”

“ఎవరిదీ కాదు సార్. ఏళ్ల క్రితం ఆర్‌ఎన్‌ఏ నుంచి కాపీ చేసిన సీడీఎన్‌ఏ. అప్పటినుంచి ఈ. కోలై బ్యాక్టీరియాలోనే పెరుగుతోంది. మ్యుటేషన్ మేం ప్రైమర్‌తో పెట్టిందే.”

“పేషెంట్ మ్యుటేషన్ అని మీరే రాశారుగా. పైగా ఫారిన్‌కి ఫ్రీగా ఇచ్చేస్తారట! ఇందులో మీకేం ముడుతుంది?”

పక్క కుర్చీల్లో ఉన్నవాళ్లు నవ్వారు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల పనిని అమ్ముకుంటున్న దొంగలా నిలబెట్టారు. సమ్మతి గురించి అడగడం తప్పని నేను అనను. రోగి నమూనా పంపుతుంటే అడిగి తీరాలి. కానీ ముందున్న కాగితం చదవకుండా మనిషిని అనుమానించడం ఏం పద్ధతి? ప్రభుత్వ డబ్బుతో చేసిన పని నలుగురికీ అందాలని మేం తిరుగుతుంటే, అదే ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లు అడ్డం పడటం ఇప్పటికీ నాకు మింగుడుపడటం లేదు.

ఇంటికొచ్చి ఒక పేజీ నోట్ తయారుచేశాను. మొదట, ఈ క్లోన్లు చేసేముందు జీన్ పనుల భద్రత చూసే మా బయోసేఫ్టీ కమిటీ ఇచ్చిన అనుమతి. 2017 డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) మార్గదర్శకాల ప్రకారం తీసుకున్నదే, అందులో ‘ఈ. కోలైలో హ్యూమన్ సీడీఎన్‌ఏ’ అని స్పష్టంగా ఉంది. తర్వాత యూబీఎంటీఏ. క్లోన్ల లాంటి బయోలాజికల్ మెటీరియల్ ఇచ్చిపుచ్చుకోవడానికి 1995 నుంచి నాన్‌ప్రాఫిట్ సంస్థల మధ్య నడుస్తున్న ఉమ్మడి ఒప్పందం ఇది. తెచ్చుకున్న మెటీరియల్‌ని మార్చి చేసిన వాటిని పరిశోధనకు, బోధనకు ఇతర నాన్‌ప్రాఫిట్ సంస్థలకు అవే షరతులతో ఇవ్వవచ్చని అందులోనే ఉంది. అమ్మకానికి, వ్యాపారానికి వాడాలంటే విడిగా అనుమతి కావాలి. మా మార్పుల మీద యాజమాన్యం మా ఇన్‌స్టిట్యూట్‌దే. ఆ వాక్యాలన్నీ హైలైటర్‌తో గీశాను.

ఈసారి ఆ గదికి వెళ్లలేదు. బయోసేఫ్టీ కమిటీలో ఉన్న ఒక సీనియర్ మేడం దగ్గరకు వెళ్లాను. ఆవిడ నోట్ మొత్తం చదివి, “ఇది నేను మాట్లాడతానమ్మా” అన్నారు. డైరెక్టర్ సంతకం ఆ వారంలోనే అయిపోయింది. అంటే అడ్డంకి రూల్‌లో లేదు, చదివే ఓపికలో ఉంది.

మిగతాదంతా చకచకా జరిగింది. ప్లాస్మిడ్ డీఎన్‌ఏ ట్యూబుల్లో మామూలు ఉష్ణోగ్రతలోనే వెళ్తుంది, డ్రై ఐస్ అక్కర్లేదు. కొరియర్ డిక్లరేషన్‌లో ‘నాన్ హజార్డస్, నాన్ ఇన్ఫెక్షియస్’ అని రాయండి. అక్కడ వాళ్లు ప్లాస్మిడ్ మొత్తం సీక్వెన్స్ చేసి చూస్తారు. మావి అన్నీ మేం ఇచ్చిన సీక్వెన్సుతో సరిపోయాయి. ఆ రిపోర్ట్ ప్రింట్ తీసి ల్యాబ్ బోర్డు మీద అంటించాను. గర్వంగా ఉంది, ఎందుకు ఉండకూడదు?

మీరు చేసేటట్టయితే ఒప్పందం ఫైలు ముందు కదపండి, క్లోన్లు తర్వాత సిద్ధం చేసుకోవచ్చు. కవర్ లెటర్‌లో ‘పేషెంట్’ అనే మాట రానివ్వకండి, ‘ప్రచురిత మ్యుటేషన్’ అని రాయండి. బయోసేఫ్టీ అనుమతి పైనే పెట్టండి. ఎవరైనా అవమానిస్తే అక్కడే వాదించకుండా, చదివే మనిషి ఎవరో వెతుక్కోండి.

ఎప్పుడో మెయిల్ చేసి విసిగిపోయిన భువనేశ్వర్ స్కాలర్‌కి పొద్దున్నే లింక్ పంపాను. ఆమె అప్పుడే ఆర్డర్ పెట్టేసిందట. మా రెండో సెట్ ఫైలు కూడా ఇవాళే, అదే నోట్ జతచేసి, ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను.