కూబిదే కబాబ్ చేసేటప్పుడు మసాలా డబ్బా తీయకండి

కబాబ్ అనగానే మన చెయ్యి అల్లం వెల్లుల్లి ముద్ద మీదికి, గరం మసాలా మీదికి పోతుంది. హైదరాబాద్ సీఖ్ కబాబ్‌కి అవి ఉండాల్సిందే. ఇరాన్ వాళ్ల కూబిదే దారి వేరు. కీమా, ఉల్లిపాయ, ఉప్పు, మిరియాల పొడి, అంతే. కొందరు చిటికెడు పసుపు, కాస్త కుంకుమపువ్వు నానబెట్టిన నీళ్లు కలుపుతారు. దాని రుచంతా మాంసంలో, కొవ్వులో, నిప్పుల సెగలో ఉంది, మసాలా పడితే మళ్లీ మన సీఖ్ కబాబే అవుతుంది, దానికి ఇంత శ్రమ అక్కర్లేదు.

ముందు మాంసం సంగతి. అక్కడ గొర్రె మాంసం, లేదంటే గొర్రె, గొడ్డు మాంసం కలిపి వాడతారు. మనకి పొట్టేలు మాంసం బాగుంటుంది. మేక మాంసంలో కొవ్వు తక్కువ, అది దీనికి పనికిరాదు. మటన్ కొట్టు ఆయన అలవాటు కొద్దీ కొవ్వు తీసి పక్కన పడేస్తాడు కాబట్టి ముందే చెప్పండి: కిలో కీమాలో 200 గ్రాములకి తగ్గకుండా కొవ్వు పడాలి, మెషిన్‌లో రెండుసార్లు తిప్పాలి. కొవ్వు చాలకపోతే కబాబ్ పిడచకట్టుకుపోయి ముక్కలు ముక్కలుగా నిప్పుల్లో రాలుతుంది.

తర్వాత ఉల్లిపాయ, అసలు కిటుకు ఇక్కడే ఉంది. కిలోకి రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తురిమి, పల్చటి గుడ్డలో మూటకట్టి, చుక్క నీరు లేకుండా పిండేయాలి. గుడ్డ విప్పితే తురుము పొడిపొడిగా రాలాలి. చేతికి ఇంకా తడి తగిలితే మళ్లీ పిండండి, ఎందుకంటే ఆ నీరు కీమాలో చేరితే మీరెంత పిసికినా అది చువ్వ మీద నిలవదు. పిండిన నీళ్లు మాత్రం పారబోయకండి. కోడి ముక్కలకి ఆ నీళ్లు, నిమ్మరసం, కుంకుమపువ్వు, కాస్త పెరుగు పట్టించి నానబెడితే జూజే కబాబ్‌కి సగం పని అయిపోయినట్టే.

ఇక పిసకడం. తురుము, రెండు చెంచాల ఉప్పు, చెంచా మిరియాల పొడి వేసి పది నిమిషాలు ఆపకుండా పిసకండి. మొదట పొడిపొడిగా ఉన్న కీమా ఉప్పు వల్ల మెల్లగా జిగురు పట్టి అరచేతికి అంటుకుంటుంది, చెయ్యి బోర్లించినా ముద్ద జారదు. ఆ జిగురు ఉంటే గుడ్డు గానీ శనగపిండి గానీ బ్రెడ్ పొడి గానీ అక్కర్లేదు, వేస్తే నాకు కోపం కూడా వస్తుంది. తర్వాత ఫ్రిజ్‌లో కనీసం గంట ఉంచండి, కొవ్వు గట్టిపడాలి.

చువ్వలు వెడల్పుగా, చదునుగా ఉన్నవి కొనండి, రెండు రెండున్నర సెంటీమీటర్లవి. మన సన్నటి గుండ్రటి సీకుల మీద చువ్వ తిరుగుతుంది గానీ మాంసం తిరగదు. చెయ్యి తడిచేసుకుని, గుప్పెడు ముద్ద చువ్వ చుట్టూ సమానంగా పరిచి, బొటనవేలు చూపుడువేలు మధ్య వరసగా నొక్కుకుంటూ రండి, రెండు చివర్లూ గట్టిగా అదమండి.

పొయ్యి మీద జాలీ వద్దు, మాంసం దానికి అంటుకుని చిరిగిపోతుంది. డాబా మీద ఇటుకలు రెండు వరసలు పేర్చి, మధ్యలో బొగ్గులు రాజేసి, మంట పోయి పైన తెల్లగా నివురు పట్టాక చువ్వల్ని ఇటుకల మీద ఆనించండి. మొదటి నిమిషం కదలకుండా అక్కడే నిలబడి కొన్ని సెకన్లకోసారి తిప్పుతూ ఉండాలి, రెండువైపులా పైపొర గట్టిపడి చువ్వని పట్టుకునేదాకా. ఫోన్ మోగినా తీయకండి. ఆ తర్వాత నిదానంగా ఎనిమిది, పది నిమిషాలు కాలితే చాలు. టమాటాలు వేరే చువ్వకి గుచ్చి ముందే పెట్టండి, వాటికి ఎక్కువసేపు పడుతుంది.

పక్కన చెలో, అంటే వాళ్ల అన్నం. 1848 నుంచి 1896 దాకా ఇరాన్‌ని ఏలిన నాసిరుద్దీన్ షా కాలంలోనే చెలో కబాబ్‌కి ఇంత పేరు వచ్చిందంటారు. బిర్యానీ వండేవాళ్లకి ఈ అన్నం కష్టమేమీ కాదు: బాస్మతి నానబెట్టి, పలుకు మీద ఉండగా వార్చి, అడుగున నూనె వేసి దమ్ పెట్టడమే. అడుగున ఎర్రగా పట్టిన చెక్కని తహ్‌దీగ్ అంటారు, దానికోసం ఇంట్లో పోటీ ఉంటుంది. వేడి అన్నం మీద వెన్న ముద్ద, కబాబ్ మీద పుల్లటి సుమాక్ పొడి, పక్కన పచ్చి ఉల్లిపాయ. సుమాక్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, తెప్పించుకోండి, నిమ్మకాయ దాని పని చేయదు.

అపార్ట్‌మెంట్‌లో బొగ్గులు కుదరనివాళ్లకి ఇరాన్ ఇళ్లలోనే ఒక పద్ధతి ఉంది, పేరు కబాబ్ తాబేయి. ఇదే ముద్దని పెనం మీద పలచగా పరిచి, గరిటె అంచుతో నిలువు పట్టీలుగా గీసి, సన్నటి సెగ మీద నీరు ఇగిరేదాకా ఉంచి తిరగేయడం, చివర్లో టమాటా ముక్కలు వేసి మగ్గించడం. పొగ వాసన రాదు గానీ వారం మధ్యలో రాత్రి భోజనానికి నేను ఎక్కువగా చేసేది ఇదే.