138 నుంచి 140కి, మధ్యలో ఒక్క స్వరం

పొద్దుటి నుంచీ ముసురు. బయట పనేమీ లేదు, రోజంతా డీజే డెక్‌ల ముందే. ఇవాళ్టి లెక్క: 138 బీపీఎంలో (నిమిషానికి బీట్లు), ఎ (A) మైనర్‌లో నడిచే ట్రాన్స్ ట్రాక్ నుంచి 140లో, ఈ (E) మైనర్‌లో ఉన్న ట్రాక్‌కి వెళ్ళాలి. కామెలాట్ చక్రంలో, అంటే ఏ కీ దేనితో కలుస్తుందో నంబర్లతో చూపే డీజేల పటంలో, 8ఎ, 9ఎ. పక్కపక్క గళ్ళు, ఇంకేం చూడక్కర్లేదంటారు. చూడాలి.

రెండు స్కేళ్ళలో ఏడు స్వరాలకు ఆరు ఒకటే. దాంట్లో ఎఫ్, దీంట్లో ఎఫ్ షార్ప్. మన లెక్కలో రెండూ నఠభైరవే, ఆధార షడ్జం పంచమానికి జరిగిందంతే. గొడవంతా ఆ ఎఫ్ దగ్గరే. వెళ్ళే ట్రాక్‌లో బార్‌కొక (నాలుగు బీట్లకొక) కార్డ్ (chord) చొప్పున ఎ మైనర్, ఎఫ్, సి, జి. వచ్చేదాంట్లో ఈ మైనర్, సి, జి, డి. ఈ చివరి డి కార్డ్‌లో ఎఫ్ షార్ప్ ఉంది. మొదటి బార్ మీద మొదటి బార్ పడితే ఎఫ్‌కి తోడు సి వస్తుంది, నిండుగా ఉంటుంది. రెండు బార్లు తేడా వస్తే ఎఫ్ తిన్నగా డి మీద పడుతుంది. కిక్ డ్రమ్ దెబ్బలు అతుక్కునే ఉంటాయి, కీ నంబర్లూ సరిగ్గానే ఉంటాయి, ప్యాడ్‌లు (వెనక సాగే స్వరాల పొరలు) మాత్రం ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. పాపం, నింద సాఫ్ట్‌వేర్ కీ డిటెక్షన్ మీదకు పోతుంది.

140లో రెండు బార్లంటే దాదాపు మూడున్నర సెకన్లు. అందుకని క్యూ పాయింట్‌ని (ట్రాక్ మొదలుపెట్టే గుర్తుని) ఇంట్రో మొదటి కిక్ నుంచి లెక్కపెట్టకూడదు. ఈ మైనర్ కార్డ్ మొదలయ్యే చోటు పట్టుకుని అక్కణ్ణుంచి 32 బార్లు వెనక్కి రావాలి. కొన్ని ఇంట్రోల్లో నాలుగు బార్లో, ఎనిమిదో అదనంగా తగిలిస్తారు. ముందు నుంచి లెక్కపెడితే అక్కడే తప్పుతుంది.

తర్వాత పిచ్. 138ని 140కి లాగితే 1.45 శాతం పెరుగుదల, అంటే సుమారు 25 సెంట్లు, పావు సెమీటోన్. డ్రమ్స్‌లో తెలీదు. సాగదీసిన ప్యాడ్‌లో మాత్రం అలలు అలలుగా ఊగుతూ దొరికిపోతుంది. రెండింటినీ మధ్యలో 139కి తెస్తే సర్దుకుంటుందనుకుంటారు గానీ, ఒకటి పైకి, ఒకటి కిందికి జరుగుతాయి, వాటి మధ్య దూరం అదే 25 సెంట్లు. వేగం మారినా పిచ్ మారకుండా ఉంచే మాస్టర్ టెంపో వేయాల్సిందే. ఇంత చిన్న మార్పుకి కిక్ అంచు పెద్దగా మెత్తబడదు. 132 నుంచి 140కైతే ఆరు శాతం, అంటే పూర్తి సెమీటోన్. అక్కడ మాస్టర్ టెంపో తీసేస్తే 8ఎ ట్రాక్ 3ఎ అయిపోతుంది. కొన్నిసార్లు కావలసింది అదే.

బేస్ సంగతికొస్తే బేరాల్లేవు. రెండు రోలింగ్ బేస్‌లు, ఒకటి ఎ (A) మీద, ఒకటి ఈ (E) మీద. పైన పంచమం ఎంత బాగున్నా 40, 55 హెర్ట్జ్ దగ్గర అది బురదే. వచ్చే ట్రాక్ 'లో' (low, అంటే బేస్) నాబ్ పూర్తిగా కిందికి, ఫ్రేజ్ మొదటి కిక్ మీద ఒకే కదలికలో మార్పిడి. మిక్సర్‌లో ఐసోలేటర్ మోడ్ ఉంటే అది పెట్టుకోవడం మేలు, మామూలు ఈక్యూలో నాబ్ అడుగంటినా బేస్ కొంత కారుతూనే ఉంటుంది. మార్పిడి అయ్యాక పాత ప్యాడ్‌ని మరో 8 బార్లు ఉంచొచ్చు. కొత్త లీడ్ ఎఫ్ షార్ప్ పట్టుకునేలోపు పాతదాని మిడ్ (మధ్య స్వరాల నాబ్) దించేయాలి.

రేపు దీని తర్వాత 10ఎ ట్రాక్ పెట్టి చూడాలి, అక్కడ సి షార్ప్ వస్తుంది.