గోపాల్‌పూర్‌లో సర్ఫ్‌బోర్డు పరీక్ష: కెమెరా ఎక్కడ, చూపు ఎక్కడ

కొత్త బోర్డు డిజైన్‌ను పరీక్షించడానికి చేయి తిరిగిన సర్ఫర్లనే పిలుస్తాం. చిక్కు కూడా అక్కడే ఉంది. బోర్డులో లోపముంటే వాళ్ల కాళ్లు నాలుగైదు కెరటాల్లోనే దాన్ని సర్దేసుకుంటాయి. వెనక కాలు రెండంగుళాలు జరుగుతుంది, మలుపు కాస్త ఆలస్యంగా మొదలవుతుంది, ఒడ్డున చూసేవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకే మంచి కెరటం కోసం ఆగకుండా మొదటిదాని నుంచే రికార్డు చేయాలి. పడిపోయినవీ, అందక వదిలేసినవీ చెరపకండి.

ఒడిశాలోని ఈ గంజాం తీరంలో అసలు పేచీ వెలుగుతో. గోపాల్‌పూర్ ఒడ్డు ఆగ్నేయం వైపు తిరిగి ఉంటుంది. గాలి లేవకముందు నీళ్లు నున్నగా ఉంటాయి గానీ సూర్యుడు ఎదురుగా ఉంటాడు. సాయంత్రం వెలుగు మన వెనక నుంచి పడుతుంది, అప్పటికి సముద్రపు గాలి కెరటాన్ని చెడగొట్టేస్తుంది. మే, జూన్‌లలో సూర్యోదయం కాస్త ఈశాన్యానికి జరుగుతుంది కాబట్టి సర్ఫర్లకు ఉత్తరపు పక్కన నిలబడి దక్షిణం వైపు తీయండి. వెలుగు ఎడమ భుజం వెనక నుంచి వస్తుంది. ఆ నెలల్లో ఒడ్డు వెంబడి నీటి లాగుడు ఉత్తరానికే గనక వాళ్లు కెమెరా వైపే కొట్టుకొస్తారు.

ఇసుక మేటలు కాలాన్ని బట్టి కదులుతుంటాయి. వల లాగే మన తెలుగువాళ్లను "మావా, మేట ఎటు జరిగింది?" అని అడిగితే ఏ యాప్ కన్నా బాగా చెబుతారు. అలల ఎత్తుకు, వ్యవధికి సముద్ర సమాచారమిచ్చే హైదరాబాద్ సంస్థ ఇన్‌కాయిస్ సూచనలు చూడండి. డ్రోన్ ఎగరేయాలంటే ముందు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ తెరవాలి. ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉన్న చోటు ఇది.

లెన్సు 400 నుంచి 600 మి.మీ., బరువైన ట్రైపాడ్, కాళ్ల మధ్య ఇసుక సంచి. నేలమీద కన్నా కాస్త ఎత్తు మీద నిలబడితే ముందరి నురగ బోర్డును దాచదు. సెకనుకు 100 లేదా 120 ఫ్రేములు, షట్టర్ 1/1000 లేదా ఇంకా వేగం. కదలిక మెత్తగా కనబడాలని షట్టర్ తగ్గిస్తే రెయిలు (బోర్డు పక్క అంచు) అలుక్కుపోతుంది, సినిమాకు బాగుంటుంది గానీ పరీక్షకు పనికిరాదు. సర్ఫర్ ముఖం మీదికి జూమ్ చేయకండి. కెరటం పైఅంచు, కిందిభాగం రెండూ ఫ్రేములో ఉంటేనే బోర్డు ఎక్కడ వేగం కోల్పోయిందో తెలుస్తుంది. తెడ్డులా చేతులేయడం మొదలుపెట్టినప్పుడే బటన్ నొక్కితే ఎన్ని చేతులకు కెరటం అందిందో లెక్కపెట్టొచ్చు. ఎండ ముదిరాక వేడి ఇసుక మీద గాలి వణికి దూరపు బొమ్మ మసకబారుతుంది. అప్పుడు ఫోకస్‌ను తిట్టి లాభం లేదు, తడి ఇసుక దగ్గరికి జరగాలి.

బోర్డు అడుగున, రెయిలు మీద ముక్కు నుంచి ప్రతి 30 సెం.మీ.కు రంగు టేపు చుట్టండి. నీళ్లు ఏ గీత దగ్గర విడిపోతున్నాయో స్లో మోషన్‌లో కనిపిస్తుంది. ముక్కుకు యాక్షన్ కెమెరా మాత్రం వద్దు. 150 గ్రాములే అయినా ఆ చివర పెడితే బోర్డు తిరిగే తీరు మారుతుంది.

పాత బోర్డు, కొత్త బోర్డు మార్చి మార్చి ఇవ్వాలి, ఫిన్లు (అడుగున తోక దగ్గరి రెక్కలు) రెండింటికీ అవే ఉండాలి. ఒకరు ఎడమ కాలు ముందు పెట్టేవారు, ఇంకొకరు కుడి కాలు ముందు పెట్టేవారు అయితే కుడికి, ఎడమకు విరిగే కెరటాలు రెండింటి మీదా బోర్డు రెండు పక్కల తీరూ తెలుస్తుంది. కొలతలు రాసిన చోట టేపు అంటించండి, లీటర్ల అంకె (బోర్డు ఘనపరిమాణం) చూడగానే అభిప్రాయం ముందే పుడుతుంది. వీడియో చూపించకముందే వాళ్ల మాట రికార్డు చేసుకోండి, చూశాక కళ్లు చెప్పిందే నోరు చెబుతుంది.

తేడా ఒక్కరిలోనే కనబడితే వెంటనే ఫోమ్ గీకేయకుండా ఫిన్లు మార్చి అదే సర్ఫర్‌ను మళ్లీ దింపండి. అప్పుడూ తోక అదే చోట జారితే రాకర్ (ముక్కు నుంచి తోక దాకా బోర్డు వంపు) మీద చేయి వేయొచ్చు.