తాత్కాలికంగా పోయిన నా కాలు

లారీ ప్రమాదంలో దెబ్బతిన్న కుడికాలిని మోకాలి కింద తీసేశాక గాయం మానడానికి పెద్దగా ఇబ్బంది పడలేదు. వైకల్య ధ్రువపత్రం కోసం జరిగే సదరం వైద్యపరీక్షకు మీసేవలో స్లాటు కూడా సులువుగానే దొరికింది. నన్ను ఏడిపించింది ధ్రువపత్రమే.

పరీక్ష జరిగే గది పై అంతస్తులో ఉంది, లిఫ్టు పనిచేయడం లేదు. కాళ్లు లేనివాళ్లం మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క మెట్టే పైకి జరుగుతూ వెళ్లాం. అక్కడి వైద్యుడు తలెత్తకుండానే కట్టు విప్పమన్నాడు. వరుసలో ఉన్న ఆడవాళ్లందరి ముందూ పంచె పైకి లాగి చూపించాల్సి వచ్చింది. ఇంతా చేసి వచ్చిన పత్రంలో నా వైకల్యం "తాత్కాలికం" అని ఉంది. తీసేసిన కాలు మళ్లీ మొలుస్తుందా అని అడిగితే, "సిస్టమ్‌లో అలాగే వచ్చిందండీ, అప్పీలు పెట్టుకోండి" అన్నాడు గుమాస్తా. అప్పీలుకు వెళితే ఆ కాలి ఎక్స్‌రే తెమ్మన్నారు. లేని కాలికి ఎక్స్‌రే తీయమంటే తీసేవాడు నవ్వాడు, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎవరెవరి కాళ్లో పట్టుకున్నాక ఆ ఒక్క మాట మారి "శాశ్వతం" అయింది.

తరువాత జైపూర్ వెళ్లాను. 1975లో డి.ఆర్. మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితిలో కాలు ఉచితంగా ఇస్తారు. మోకాలి కింది భాగానికి పిండికట్టుతో అచ్చు తీసి, పొయ్యిలో మెత్తబడిన ప్లాస్టిక్ గొట్టాన్ని ఆ అచ్చు మీదికి లాగి, చల్లారాక కోసి, కింద రబ్బరు పాదం బిగించారు.

ఆ పాదం వెనుక ఉన్నది డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ జీవితకాలపు కృషి. బూటు తొడిగితేనే నడవగలిగే విదేశీ నమూనా కాళ్లను రోగులు మూలన పడేస్తున్నారని జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఆయన గమనించారు. పొలంలో చెప్పుల్లేకుండా తిరిగేవారికి, గొంతుకూర్చునేవారికి, గుడి బయట పాదరక్షలు విడిచేవారికి అవి పనికిరావని గ్రహించి, రామచంద్ర శర్మ అనే శిల్పితో కలిసి 1968 నాటికి ఈ రబ్బరు పాదాన్ని రూపొందించారు. ఆ శర్మకు పెద్ద చదువు లేదు. ఒక శస్త్రవైద్యుడు అటువంటి పనివాడి మాట విన్నాడంటే అక్కడే ఆయన పెద్దరికం తెలుస్తుంది. సేఠీగారికి 1981లో మెగసెసే పురస్కారం వచ్చింది, 2008లో ఆయన కన్నుమూశారు. రోగి ఎలా కూర్చుంటాడో గమనించిన వైద్యుడాయన. మా జిల్లాలో నాకు దొరికినవాడు రోగి ముఖమైనా చూడలేదు.

మొన్న మేనల్లుడి పెళ్లిలో కుర్చీ వేస్తామన్నా వద్దని, పంక్తిలో బాసింపట్టు వేసుకుని కూర్చునే భోజనం చేశాను.

సదరానికి వెళ్లేవారు పత్రం అందుకున్న చోటే "శాశ్వతం" అన్న మాట ఉందో లేదో చూసుకోండి. లేని అవయవానికి ఎక్స్‌రే అడిగితే, ఆ సంగతి కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి.