ఆ గుంటడు ఎవులింట్లో తింటన్నాడు?

ఎప్పుడూ ఓడిపోయే జట్టును పట్టుకుని వేలాడుతున్నారేంటని కాలిఫోర్నియాలో మా ఇంటికి వచ్చే తెలుగు స్నేహితులు అడుగుతుంటారు. మొదటి కారణం ఏ ఆదర్శమూ కాదు, టికెట్ ధర. శాన్ హోసే షార్క్స్ ఐస్ హాకీ జట్టు 2016లో స్టాన్లీ కప్ ఫైనల్ దాకా వెళ్ళింది. అమెరికా, కెనడా జట్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్ లీగ్‌లో గెలిచినవాళ్ళకిచ్చే కప్పు అది. ఆ రోజుల్లో నలుగురున్న మాలాంటి కుటుంబం స్టేడియం లోపల అడుగు పెట్టాలంటే రెండుసార్లు లెక్క చూసుకోవాల్సి వచ్చేది. 2019 తర్వాత జట్టు ఏళ్ళకేళ్ళు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. పేరున్నవాళ్ళను ఒక్కొక్కరినే వేరే జట్లకు పంపేశారు. అప్పుడు పై వరసల్లో సీట్లు మాకూ అందాయి. డిరిడాన్ స్టేషన్లో రైలు దిగి రోడ్డు దాటితే స్టేడియం. పొగలోంచి, పెద్ద సొరచేప నోట్లోంచి ఆటగాళ్ళు మంచు మీదికి జారుతూ వస్తారు. మా చిన్నదానికి ఆ సొరచేప తల ఒక్కటే చాలు, తర్వాత ఆటేమైనా దానికి పట్టదు.

పెద్దాడికి మాత్రం ఆట ఎక్కింది. ఎక్కిందీ ఎప్పుడు? 2023లో, జట్టు అధ్వాన్నంగా ఉన్నప్పుడు. ఆ సీజన్లో మొదటి పదకొండు ఆటల్లో ఒక్క గెలుపు లేదు. నవంబరు మొదటి వారంలో వాంకూవర్ చేతిలో 10-1, వెంటనే పిట్స్‌బర్గ్ చేతిలో 10-2. హాకీలో పది గోల్స్ అంటే మన క్రికెట్లో నలభైకి ఆలౌట్ అయినట్టు. ఆ తర్వాత ఫిలడెల్ఫియా మీద 2-1తో గెలిచినప్పుడు జనం కప్పు కొట్టినంత గోల చేశారు. మావాడు నిద్ర మానేసి ఆ గోల్స్ మళ్ళీ మళ్ళీ చూశాడు. మొత్తం 82 ఆటల్లో ఆ ఏడు 19 గెలిచారు. 32 జట్లలో ఆఖరు.

ఆఖరు రావడం వల్లే మెక్లిన్ సెలెబ్రినీ వచ్చాడు. ఇక్కడి పద్ధతి అలాంటిది. పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళను ఏటా జూన్‌లో జట్లు ఎంచుకుంటాయి, బాగా ఓడినవాళ్ళు ముందు. 2024లో మొదటి పేరు అతనిదే. అప్పటికే బోస్టన్ యూనివర్సిటీలో ఆడుతూ, అమెరికా కాలేజీ హాకీలో అన్నిటికన్నా పెద్ద బహుమతి పదిహేడేళ్ళకే తెచ్చుకున్నాడు, అంత చిన్న వయసులో దాన్ని ఇంకెవరూ గెలవలేదు. మా పిల్లలకు నచ్చింది మాత్రం ఇంకో సంగతి. వాంకూవర్ దగ్గర పుట్టినవాడు, తండ్రికి గోల్డెన్ స్టేట్ వారియర్స్ బాస్కెట్‌బాల్ జట్టులో ఉద్యోగం వస్తే కుటుంబంతో పాటు బే ఏరియాకి వచ్చాడు, చిన్నప్పుడు షార్క్స్ పిల్లల జట్టులోనే ఆడాడు. నాన్న ఉద్యోగం కోసం దేశం మారిన పిల్లాడు! మావాళ్ళ దృష్టిలో ఇక అతను మనవాడే. అంత డబ్బూ పేరూ ఉన్న ఇంటివాడితో మనకు పోలికేమిటని మా ఆయన అన్నాడు కానీ ఎవరూ వినలేదు.

షార్క్స్‌కి ఆడిన మొదటి ఆటలోనే సెలెబ్రినీ ఒక గోల్ కొట్టాడు, ఇంకోటి కొట్టించాడు. జట్టు ఓవర్‌టైమ్‌లో ఓడింది. పైగా తుంటి దగ్గర గాయమై తర్వాత పన్నెండు ఆటలు బయట కూర్చున్నాడు. అతనితో పాటే వచ్చిన విల్ స్మిత్‌ను, 2023లో నాలుగో పేరుగా ఎంచుకున్న కుర్రాణ్ణి, మొదటి నెలల్లో కొన్ని ఆటలకు కావాలనే పక్కన పెట్టారు. గాయమేం లేదు. ఒళ్ళు గట్టిపడనీ, పైనుంచి ఆట చూసి నేర్చుకోనీ అని. "పనిష్‌మెంట్ కాదమ్మా" అని మావాడు నాకు నచ్చజెప్పాడు. నేనేమీ అనకముందే.

2025 సంక్రాంతికి ఆమదాలవలసలో మా అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళాం. కాలిఫోర్నియాలో రాత్రి ఏడుకి మొదలయ్యే ఆట మన ఊళ్ళో పొద్దున్న ఎనిమిదిన్నరకి వస్తుంది. అరుగు మీద ఫోన్ పెట్టుకుని అన్నాచెల్లెళ్ళిద్దరూ, పక్కన పేపరుతో నాన్న. నాన్న జెడ్పీ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. హాకీ అంటే ఆయనకు ధ్యాన్‌చంద్. ఈ మంచు మీద ఆట, మధ్యలో గ్లవ్స్ పడేసి కొట్టుకోవడం, కొట్టుకున్నాక బుద్ధిగా వెళ్ళి పెట్టెలాంటి గదిలో కూర్చోవడం ఆయనకు అయిదు నిమిషాలు వింతగా ఉంది. ఆ తర్వాత ఆయన పట్టుకున్నదల్లా ఆ ఎంపిక పద్ధతినే.

"ఆఖరొచ్చినోడికి మొదటి పిలుపా? మరైతే బాగా ఆడ్డం దేనికిరా?"

"అందుకే లాటరీ తాతయ్యా. కావాలని ఓడిపోతారని. లాస్ట్ వచ్చినోళ్ళకి ఛాన్స్ ఎక్కువ, అంతే. గ్యారంటీ లేదు."

"ఎంత ఎక్కువ?"

అంతే, ఇద్దరూ లెక్కల్లో పడ్డారు. జీవితమంతా ఎంసెట్ ర్యాంకులు చూసినవాడికి, మొదటి ర్యాంకువాణ్ణి తీసుకెళ్ళి ఆఖరి కాలేజీలో చేర్చడం మింగుడుపడలేదు. పైగా ఆ పిల్లాడు నాకు ఫలానా ఊరు కావాలని అడగడానికి లేదంటే మరీ. "ఈ వయసులో నువ్వెక్కడుండాలో ఇంకెవడో లాటరీ తీస్తాడా?" అన్నాడు. నాకైతే ఆయన అడిగినదాంట్లో న్యాయం కనిపించింది. కొత్త జట్టు కడుతున్నామంటూ ఉన్న మంచివాళ్ళను అమ్మేసి, రెండు మూడేళ్ళు జనం చేత టికెట్లు కొనిపించి ఓటమి చూపించడం నాకు నచ్చదు. పెద్దవాళ్ళు ఆఫీసుల్లో కూర్చుని వేసే ఎత్తు అది. కానీ మంచు మీద దిగే కుర్రాడికి ఆ ఎత్తుతో పనిలేదు, వాడు ప్రతి రాత్రీ గెలవడానికే దిగుతాడు. ఇది చూడ్డానికే నేను వెళ్తాను.

ఇంతలో అరిసెల పళ్ళెంతో వచ్చిన అమ్మ ఫోన్లోకి తొంగిచూసింది. హెల్మెట్ తీసి చెమట తుడుచుకుంటున్న సెలెబ్రినీ మొహం దగ్గరగా చూపిస్తున్నారు.

"ఓలమ్మో, మీసం కూడా సరీగా రాలేదు. ఈ గుంటడు ఎవులింట్లో తింటన్నాడే?"

నిజానికి దీనికి మంచి సమాధానం ఉంది. ఆ ఏడాది అతను జో థార్న్‌టన్ ఇంట్లో ఉన్నాడు. థార్న్‌టన్ షార్క్స్‌కి పదిహేనేళ్ళు ఆడిన పెద్దమనిషి, రొమ్ముదాకా గడ్డంతో ఆడినవాడు, భార్యాపిల్లలున్న సంసారి. కుర్రాణ్ణి ఇంట్లో పెట్టుకున్నారు. పిల్లలు ఫొటో చూపించారు. అమ్మ ఆ గడ్డాన్ని కాసేపు చూసి, మంచివాడిలాగే ఉన్నాడని ఒప్పుకుంది. తర్వాత అసలు ప్రశ్న వేసింది.

"తల్లీదండ్రీ లేరేటి?"

"ఉన్నారమ్మా. అక్కడే, గంట దూరంలో."

"గంట దూరంలో ఉండి, ఎవులింట్లోనో ఉండడమేటి? కొట్టుకున్నారేటి?"

మా చిన్నది నవ్వాపుకోలేకపోయింది. నేను ఏదో చెప్పబోయాను. రోజూ ప్రాక్టీసు, ట్రాఫిక్, ఆ ఆటలో ముందు నడిచినవాడి దగ్గర ఉంటే నేర్చుకుంటాడు, ఇలా. అమ్మకి ఎక్కలేదు. పద్దెనిమిదేళ్ళకు పిల్లలు వేరే గూట్లో ఉండటం అమెరికాలో మామూలేనని పెద్దాడు వివరించబోయాడు. అప్పుడు అమ్మ నా వైపు చూసింది. నాలుగేళ్ళలో వీడూ అంతేగా అని ఆ చూపు.

నేనేమో నన్ను పదిహేనేళ్ళకు ఇంటర్‌కి విశాఖపట్నం హాస్టల్లో వేశారని గుర్తుచేశాను. అక్కడ వారం వారం పరీక్ష, సోమవారం గోడ మీద ర్యాంకుల లిస్టు. ర్యాంకు జారితే సెక్షన్ మారుస్తారు, సెక్షన్‌తో పాటు గదీ మారుతుంది, గదితో పాటు స్నేహితులూ మారిపోతారు. ఆఖరి సెక్షన్‌కి వెళ్ళినవాళ్ళ దగ్గరికి మంచి లెక్చరర్ రాడు. నేను జారాను, మళ్ళీ ఎక్కాను, అది వేరే కథ. పిల్లలకు వినిపించాలని చెప్పలేదు కానీ ఇద్దరూ ఫోన్ వదిలి విన్నారు. "వరస్ట్ సెక్షన్‌కే కదా బెస్ట్ టీచర్ కావాలి?" అంది చిన్నది. నాన్న పేపరు మడిచాడు. ఆయన ఉద్యోగం చేసిన ఊళ్ళో పదో తరగతిలో తప్పినవాళ్ళకు సాయంత్రాలు ఊరికే లెక్కలు చెప్పేవాడు, ఆ సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు. అమ్మే చెప్పింది, ఆ పిల్లలకు టీలు పెట్టలేక తన చేతులు పడిపోయాయని.

థార్న్‌టన్ సంగతి పెద్దాడు అప్పుడు చెప్పాడు. 1997లో అతనూ మొదటి పేరుగానే బోస్టన్‌కి వెళ్ళాడట. మొదటి ఏడాది 55 ఆటలు ఆడి కొట్టినవి మూడంటే మూడు గోల్స్. చివరికి 1,714 ఆటలు ఆడాడు. "అందుకే ఆ ఇంట్లో పెట్టారేమో" అన్నాడు నాన్న. అలాగని ఎవరూ చెప్పలేదు, కానీ నాకూ ఆ ఊహ నచ్చింది. మొదటి ఏడు చతికిలపడి తర్వాత లేచినవాడి ఇంట్లో భోంచేయడం ఏ కోచింగుకన్నా తక్కువ కాదు.

సాయంత్రం నాన్న మనవణ్ణి బండి మీద ఊసవానిపేట వైపు తీసుకెళ్ళాడు. కరణం మల్లీశ్వరి ఊరు. నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం మొదలుపెట్టి, 2000లో సిడ్నీలో మన దేశపు ఆడవాళ్ళలో మొదటి ఒలింపిక్ పతకం తెచ్చింది. మావాడికి కంచు పతకం సంగతి ముందే తెలుసు. తెలియనిదల్లా తాతయ్య పాతికేళ్ళుగా మోస్తున్న బాధ. 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జర్క్ 130, మొత్తం 240. బంగారం, వెండి తెచ్చుకున్న ఇద్దరూ 242.5. ఆఖరి ప్రయత్నంలో ఆమె 137.5 ఎత్తబోయింది, జారింది. "చివరి లెక్క చూస్తే 135 సరిపోయేదిరా! ఎవడు వేశాడో ఆ లెక్క!" అని ఆయన ఇప్పటికీ కుమిలిపోతాడు. మనవడు ఒప్పుకోలేదు. ఆ నిమిషంలో పక్కవాళ్ళు ఇంకా ఎత్తుతారో లేదో ఎలా తెలుస్తుంది, ఎక్కువ వేయడమే కరెక్ట్ అని వాదన. ఇంటికి వచ్చాక కూడా తెగలేదు. ఇద్దరూ కాగితాలు తెచ్చుకున్నారు. ఆదివారం తెలుగు క్లాసులో పద్యం అప్పచెప్పమంటే నసిగేవాడు, తాతయ్యను ఓడించడానికి మాత్రం వాక్యం వెనక వాక్యం తెలుగులోనే పేర్చాడు.

చిన్నదాని గొడవ వేరు. మనలాంటివాళ్ళు ఆ జట్టులో ఎప్పుడైనా ఆడారా అని దానికి అనుమానం. ఆడారు. ఆ లీగ్‌లో ఆడిన మొదటి భారతీయ మూలాల ఆటగాడు రాబిన్ బావా, కెనడాలో పుట్టిన పంజాబీ, 1992-93లో షార్క్స్‌కి ఆడాడు. ఆ సీజన్లో జట్టు 84 ఆటల్లో 71 ఓడింది, అదో రికార్డు. "ఆయన్ని కూడా వరస్ట్ టీమ్‌లోనే పెట్టారా!" అని నీరసపడింది. వాళ్ళన్న అది గొప్పని వాదించాడు. నేను తీర్పు చెప్పలేదు.

ఆ సీజన్ అయ్యేసరికి సెలెబ్రినీ 70 ఆటల్లో 25 గోల్స్ కొట్టి, 38 కొట్టించాడు. జట్టు గెలుపులు 19 నుంచి 20 అయ్యాయి. "ఒక్కటి పెరగడానికా ఇంత హడావుడి!" అని నాన్న వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్. మళ్ళీ ఆఖరే కాబట్టి మే నెల లాటరీకి మావాడితో సమానంగా ఆయనా ఎదురుచూశాడు. కింది నుంచి పదో జట్టు న్యూయార్క్ ఐలాండర్స్, నూటికి మూడున్నర అవకాశం ఉన్నవాళ్ళు, మొదటి స్థానం ఎగరేసుకుపోయారు. షార్క్స్‌కి రెండోది మిగిలింది, మైకేల్ మీసా అనే ఒంటారియో కుర్రాడు వచ్చాడు. జనవరిలో ఆ పద్ధతే తప్పన్న నాన్న జూన్‌లో మాకు అన్యాయం జరిగిందని ఫోన్ చేశాడు. "మాకు" అన్నాడు.

ఇప్పుడు పెద్దాడు వచ్చే వేసవి సెలవుల్లో ఒక్కడే వచ్చి ఆమదాలవలసలో ఉంటానంటున్నాడు. అమ్మకు సంబరం, నాకు టెన్షన్: ఫ్లైట్లు మారడం, నీళ్ళు, జ్వరాలు. నాన్న ఒక షరతు పెట్టాడు, ఆ ఆట నియమాలన్నీ తెలుగులో చేత్తో రాసి పంపితేనే రానిస్తానని. పక్ (బంతికి బదులు వాడే బిళ్ళ) కన్నా ముందు ఆటగాడు నీలి గీత దాటకూడదనేది బాగానే రాశాడు. పెనాల్టీలకు ఒక పేజీ పట్టింది. గోల్‌కీపర్‌ని ఎప్పుడు, ఎందుకు బయటికి పిలిచేస్తారన్నది మూడుసార్లు కొట్టేసి రాశాడు. లెక్కల మాస్టారే అయినా నాన్న ఒత్తులు వదలడు. ఎర్ర పెన్నుతో దిద్ది ఫొటో తీసి తిరిగి పంపాడు. కింద, గోల్‌కీపర్ పేరా పక్కన, "అర్థం కాలేదు, మళ్ళీ రాయి" అని ఉంది.